బట్ట సాగలేదు

కాలరు మొనను బయటికి తిప్పి, వెలుతురుకు ఎత్తి చూసుకున్నాడు కాలరయ్య. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. ఈ కుట్టుకొట్టులో చేరిన నాటినుంచి చొక్కాలకు కాలర్లే కుడుతుండడంతో ఆ పేరు ఎక్కడో మడతలో పడిపోయింది. అందుకు ఆయనకు చింత లేదు. తను కుట్టిన కాలర్లు నిటారుగా వీధిలో నడిచిపోతుంటే చూడడం ఆయనకు చాలినంత సంతోషం.

ఎండ మిషను మీదికి పాకాక భోజనం డబ్బా విప్పాడు. తిన్నాక జేబులోంచి మాత్ర తీసి మింగాడు.

"అక్క వంటకు అదేనా విరుగుడు, బావా?" అన్నాడు పక్క మిషను మీద ప్యాంట్లు కుట్టే బావమరిది. రోజూ ఆడే ఎకసెక్కమే. కొట్టులో అందరూ అది షుగరు మాత్ర అనుకుంటారు. కాలరయ్య కాదనలేదు.

"మీ అక్క వింటే విరుగుడు నీకు కావాల్సొస్తుంది."

బావమరిది నవ్వబోయి దగ్గాడు. నోరు పూసిందని, కారం తగిలితే ప్రాణం పోతోందని, తినకుండానే డబ్బా మూత పెట్టేశాడు. సంచిలోంచి పాత ప్యాంటు తీసి, సుద్దతో గీతలు గీసి, నడుము కుట్టు విప్పసాగాడు.

"ఎవరిదిరా?"

"నాదే. వెధవ బట్ట, ఉతికినకొద్దీ సాగుతోంది. మళ్ళీ లోపలికి పట్టాలి."

కాలరయ్య చేతిలో సూది ఆగింది. ఒకప్పుడు తనూ అచ్చం ఇలాగే బట్టను తిట్టుకున్నాడు. ఇంకొకరైతే ప్యాంటు జారగానే ఒళ్ళు తగ్గిందని కంగారుపడేవారు. దర్జీకి సూది చేతిలోనే ఉంటుంది, కుట్టేసుకుంటాడు. జ్వరం వచ్చి పోయేది, చెమటకు పక్క తడిసేది, విరేచనాలు ఒక పట్టాన తగ్గేవి కావు. అన్నిటికీ ఏదో ఒక సాకు దొరికేది. చివరికి భార్యే తన నడుముకు టేపు చుట్టి, "బట్ట సాగలేదు, మీరే కరిగిపోయారు" అని ఆస్పత్రికి లాక్కుపోయింది.

"ఇలా రా," అన్నాడు.

కాలరు కొలిచినట్టే బావమరిది మెడకు టేపు చుట్టాడు. దవడ కింద బిళ్ళలు కట్టి వేళ్ళకు తగిలాయి.

"రాత్రిళ్ళు చెమట పడుతోందా?"

"నీకెవరు చెప్పారు?"

"జ్వరం?"

"చుట్టంలా వస్తుంది, పోతుంది. ఏంటి బావా, డాక్టరు వేషం?"

"హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోరా."

బావమరిది మొహం మాడిపోయింది. "నేనలాంటివాణ్ణా?"

"మరి నేనెలాంటివాణ్ణి?" కాలరయ్య మాత్రల డబ్బా తీసి మిషను మీద పెట్టాడు. "ఇది షుగరుది కాదు."

బావమరిది డబ్బా తిప్పి, మీదున్న అక్షరాలు కూడబలుక్కున్నాడు.

"అక్కకి?"

"తెలుసు. తనకూ చేయించాం. లేదు. నాది అప్పుడే బయటపడబట్టి సరిపోయింది."

"మరి నాక్కూడా..."

"అదేనని నేననడం లేదు. ఇలాంటివి వేరే జబ్బుల్లోనూ ఉంటాయి. రక్తం చూస్తేనే తెలిసేది. అదే అయితే రోజూ మాత్ర. నన్ను చూడు, నేను కుట్టుకున్న కాలరే నాకు బిగుతైపోతోంది." గొంతు తగ్గించాడు. "నువ్విలా ప్యాంటు బిగించుకుంటూ కూర్చుంటే ఇంట్లో చెల్లెమ్మ సంగతేంట్రా? తనకూ సోకిందో లేదో ఆమెకు తెలిసేదెలా?"

బావమరిది తల దించుకుని సుద్దముక్కను వేళ్ళ మధ్య నలిపాడు.

"రేపు వెళ్తాలే."

"ఆస్పత్రి సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది. పద, నేనూ వస్తా."

"వద్దు. నేనే వెళ్తా." లేచి, జారుతున్న ప్యాంటును ఒక చేత్తో పైకి లాక్కుని చెప్పులేసుకున్నాడు. గడప దగ్గర ఆగాడు. "రాత్రి భోజనానికి మీ ఇంటికొస్తానని అక్కకు చెప్పు. చప్పగా వండమను."

"విరుగుడు అక్కర్లేకుండా వండుతుందిలే."

ఈసారి బావమరిది నిజంగానే నవ్వాడు. వీధి మలుపు తిరిగేదాకా అతన్నే చూసి, కాలరయ్య మళ్ళీ సూది అందుకున్నాడు.

పక్క మిషను మీద పాత ప్యాంటు అలాగే ఉంది. కుట్టు విప్పిన నడుము దగ్గర, లోపలికి మడిచిన బట్టను ఇంకా ఎవరూ కత్తిరించలేదు. వదులు చేయడానికి కావలసినంత ఉంది.