కథలో లేని రైలు

హైడెల్‌బర్గ్ తెలుగు సంఘం వాళ్ళు పుస్తకావిష్కరణ సభ రెండింటికని వాట్సాప్‌లో పిలిచారు గనుక అది మూడు దాటాక మొదలైంది. చర్చివాళ్ళ హాలు. దీపం వెలిగిస్తే ఫైర్ అలారం మోగి ఇంజన్లు వస్తాయని బ్యాటరీ దీపం పెట్టారు. ముఖ్య అతిథి దాని స్విచ్ నొక్కి, అంటుకుందా లేదా అని వంగి మరీ చూసుకుని నమస్కారం చేశాడు.

సుభద్ర వంటగది పక్క కుర్చీలో కూలబడింది. వారమంతా ఆఫీసు. నిన్న సాయంత్రం చింతపండు పులుసు మరగబెట్టడం, ఇవాళ పొద్దున్నే లేచి సభకంతటికీ పులిహోర కలపడం. మొగుడు రవికిరణ్ ఆఫీసు పనిమీద బెర్లిన్‌లో ఉన్నాడు. అందుకని గిన్నెలు మోయడానికి కూతురు శ్రావ్యను వెంట లాక్కొచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల, తెలుగు సభ అంటే మొహం ముడుచుకుంటుంది. వెనక వరసలో తన ఈడు పిల్లలతో కూర్చుని ఫోను చూసుకుంటోంది.

ఆవిష్కరించేవి రెండు పుస్తకాలు. ఒకటి చంద్రకాంత్ రాసిన కాకతీయుల కాలం నవల, తల కింద పెట్టుకుని నిద్రపోవచ్చు. రెండోది సంయుక్త కథల సంపుటి. సంయుక్త ఇక్కడే ఒక పరిశోధన సంస్థలో పని చేస్తుంది. సుభద్రకు ప్రాణ స్నేహితురాలు. ఆ పుస్తకంలో నాలుగో కథ సుభద్ర జీవితమే.

ఆ సంగతి సుభద్రకు పోయిన వారమే తెలిసింది. "చదివి చెప్పవే" అని సంయుక్త ముందే ఒక కాపీ ఇచ్చింది. మామూలుగా మనవాళ్ళు అలా ఇచ్చిన పుస్తకానికి ముందుమాట చదివి "అద్భుతం" అంటారు. సుభద్ర పనిగట్టుకుని లోపలికంటా చదివింది. అదే ఆమె చేసిన పొరపాటు.

కథలో ఆవిడ పేరు మంగ. అసలు ఆవిడకూ ఈవిడకూ తేడా ఆ పేరొక్కటే. జార్‌బ్రూకెన్ దగ్గర చిన్న ఊళ్ళో కాపురం. మొగుడి ఉద్యోగం పోయింది, వీసా గాల్లో ఉంది, తన ఉద్యోగం చూస్తే ఇంకా ప్రొబేషన్ కూడా దాటలేదు. అలాంటప్పుడు నెల తప్పింది. ఇద్దరూ కూర్చుని ఏడ్చి, వద్దనుకున్నారు. కౌన్సెలింగ్ అయింది, జార్‌బ్రూకెన్ ఆస్పత్రిలో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికింది. ఆ రోజు పొద్దున స్టేషన్‌కు వెళ్తే రైల్వేవాళ్ళ స్ట్రైక్. బోర్డు మీద ఒక్కో రైలూ రద్దయిపోతుంటే మంగ చలిలో చూస్తూ నిలబడింది. ఆ తర్వాత వాక్యం "పాప పుట్టింది." కథ అయిపోయింది.

చదివి సుభద్రకు ఒళ్ళు మండింది. ఎప్పుడో ఫ్రాంక్‌ఫర్ట్ పోతున్న రైల్లో మనసు బరువెక్కి చెప్పుకున్న మాటని అచ్చేసుకుంటుందా? ఫోను చేసి కడిగెయ్యాలనుకుంది. కానీ దెబ్బలాటకు కూడా ఓపిక కావాలి. ఇవాళ కాదు రేపనుకుంటూ ఉండగానే కోపం చల్లారిపోయింది. చల్లారాక తీరిగ్గా ఆలోచిస్తే భయపడాల్సిందేమీ కనపడలేదు. రవికిరణ్ ఫోన్లో వచ్చేవి తప్ప ఏదీ చదవడు. శ్రావ్యకు తెలుగు అక్షరాలే రావు. మాట కూడా అంతంతమాత్రం. ఏం అడిగినా జర్మన్‌లో జవాబిస్తుంది. అందుకే ఆ ఇంట్లో అప్పుల సంగతి, అత్తగారి సంగతి, మొగుడూ పెళ్ళాల కీచులాటలు, అన్నీ పిల్ల ముందే తెలుగులో గడిచిపోయాయి. ఈ దేశంలో ఏదైనా దాచుకోవాలంటే తెలుగు పుస్తకాన్ని మించిన ఇనప్పెట్టె లేదని సుభద్ర తనకు తనే సర్ది చెప్పుకుంది.

శాలువాలు కప్పడం అయింది. సంఘానికి పెద్దదిక్కు డాక్టర్ ఆంజనేయప్రసాద్ గారు మైకు అందుకున్నారు. డెబ్భైల్లో ఈ దేశం వచ్చి, ఈ ఊళ్ళోనే గుండె జబ్బులు చూసి రిటైరైన మనిషి.

"ఒక్క మనవి. పిల్లలందరూ వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటా కూర్చున్నారు. తప్పు వాళ్ళది కాదు, మనది. వాళ్ళకి అర్థమయ్యేట్టు మనం ఎప్పుడు మాట్లాడాం? అంచేత మన రచయితలిద్దరూ ఈ పుస్తకాలు రాయడానికి ప్రేరణేంటో, ఎక్కడ పుట్టిందో, జర్మన్‌లో చెప్పాలని నా కోరిక."

హాలంతా చప్పట్లు. సుభద్ర చటుక్కున వెనక వరస వైపు తిరిగింది.

చంద్రకాంత్ ముందు లేచాడు. పాపం, అతను బట్టీపట్టుకొచ్చిన ఉపన్యాసమంతా తెలుగులో ఉంది. "సార్, నా జర్మన్ ఆఫీసు లంచ్‌కే చాలదు" అని మొరపెట్టుకున్నా పెద్దాయన వదల్లేదు. చిన్నప్పుడు వరంగల్ కోట చూశాననీ, రాళ్ళు చాలా పెద్దవనీ, రాజులు మంచివాళ్ళనీ చెప్పి చెమటలు తుడుచుకున్నాడు. అంత పెద్ద నవల ఆ మూడు ముక్కలతో అయిపోయింది. పిల్లలు ఫోన్లలోంచి తలెత్తి నవ్వారు. వాళ్ళలో శ్రావ్య కూడా ఉంది. ఇప్పుడిక చెవులప్పగించి వింటోంది.

సంయుక్త సంగతి అలా కాదు. జర్మన్ గడగడా మాట్లాడుతుంది. పైగా మొన్న ఫేస్‌బుక్‌లో, నాలుగో కథ నిజంగా జరిగిందనీ, దాని వెనక కథ సభలో చెబుతాననీ గొప్పగా రాసుకుంది. జార్‌బ్రూకెన్, స్ట్రైక్, ఉద్యోగం పోయిన తండ్రి. ఆ మూడూ ఒకచోట వింటే శ్రావ్య లెక్క కట్టలేదా? తను పుట్టిన ఊరేదో, అప్పుడు వాళ్ళ నాన్న ఖాళీగా ఉన్నాడని దానికి తెలియదా?

సుభద్ర మోకాళ్ళ నొప్పి మరిచిపోయి లేచింది. మంచినీళ్ళ సీసా పట్టుకుని, ఎవరో అడిగినట్టే నడుచుకుంటూ వేదిక దగ్గరికి పోయి, సంయుక్త ముందు పెట్టి వంగింది.

"ఆ నాలుగో కథ సంగతి ఎత్తకే. శ్రావ్య వింటోంది."

సంయుక్త ఉలిక్కిపడింది. "నువ్వు చదివావా?"

"చదివాను. ఆ గొడవ తర్వాత పడదాం."

"నీ పేరు చెప్పనే. ఎవరో స్నేహితురాలంటాను, అంతే."

"నీకు జార్‌బ్రూకెన్ స్నేహితురాళ్ళు ఎంతమంది ఉన్నారే? దానికి తెలీదా?"

"అందరూ ఆ కథ గురించే అడుగుతున్నారు సుభద్రా. ఇప్పుడు నేనేం చెప్పను?"

"నోటికొచ్చిన అబద్ధం చెప్పు. కథలు రాసేదానివేగా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

అప్పటికే పెద్దాయన సంయుక్త పేరు పిలిచేశారు. సుభద్ర తన కుర్చీ దాకా రాలేక గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని మోసింది ఇంకొకరి నోట్లోంచి, మైకులోంచి బయటపడబోతోంది. ఏ పిల్లనైతే వద్దనుకుందో ఆ పిల్ల వెనక వరసలో వింటూ ఉంటుంది. అంతకన్నా చావు నయమనిపించింది.

సంయుక్త మైకు పట్టుకుని, చేతిలో పుస్తకం మూసేసింది. తర్వాత నెమ్మదిగా జర్మన్‌లో మొదలుపెట్టింది. ఒకసారి రైల్వే స్ట్రైక్ గురించి పేపర్లో ఫోటో చూశానంది. ఖాళీ ప్లాట్‌ఫాం మీద ఎవరో ఆడమనిషి వెనక్కి తిరిగి నిలబడి ఉందట. ఆమె ఎక్కడికి వెళ్ళాలో, ఎందుకు వెళ్ళలేకపోయిందో ఊహించుకుంటే కథ అయిందట. "అంతా నా కల్పనే" అని ముగించింది.

కూర్చోబోతుంటే జార్‌బ్రూకెన్‌లో చదువుకుంటున్న హారిక అనే అమ్మాయి చెయ్యెత్తింది. "మేడం, నిజంగా జరిగిందని మీరే పోస్ట్ పెట్టారు కదా? నేను దానికోసమే ఇంత దూరం వచ్చిన."

"అది... పుస్తకం అమ్ముడుపోవాలని రాశానమ్మా" అంది సంయుక్త తెలుగులో.

హాలు గొల్లుమంది. చంద్రకాంత్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. సంయుక్త మొహం ఎర్రబడింది. ఇష్టంగా రాసుకున్న కథను పదిమందిలో తనే చులకన చేసుకుని తల దించుకుంది. సుభద్రకు ఆమె మీద జాలి కలిగింది. కోపం మాత్రం ఇంకా కొంచెం మిగిలే ఉంది.

సభ అయ్యాక అందరూ పులిహోర తిని, ఫోటోలు దిగి, పుస్తకాలు కొంటామని చెప్పి కొనకుండా వెళ్ళిపోయారు. హాలు శుభ్రంగా అప్పగించకపోతే చర్చివాళ్ళు ఊరుకోరు. సుభద్ర వంటగదిలో గిన్నెలు కడుగుతోంది. శ్రావ్య పక్కన నిలబడి గుడ్డతో తుడుస్తోంది. గండం గడిచిందన్న నిస్సత్తువ సుభద్రకు భుజాల్లోంచి దిగుతోంది. ఇంటికెళ్ళి పడుకుంటే చాలనుకుంది.

"ఆంటీ అబద్ధం చెప్పింది" అంది శ్రావ్య.

తెలుగులో అంది. సుభద్ర చేతిలో గరిటె సింకులో పడింది.

"ఏంటి?"

"పేపర్లో ఫోటో లేదు. నువ్వే చెప్పావు ఆంటీకి. ట్రైన్‌లో. నేను ఎదురుగా కూర్చుని కలరింగ్ చేస్తున్నా." తెలుగు మాటలు ఒక్కొక్కటీ వెతుక్కుని పేర్చినట్టు అంటోంది. "అమ్మా, నాకు మాట్లాడటం కష్టం. వినడం కష్టం కాదు. మీరే నాకు రాదు అనుకుంటారు."

అప్పుడు ఈ పిల్ల బడిలో చేరిన కొత్త. పక్క సీట్ల జర్మన్లకు అర్థం కాదులే అన్న ధైర్యంతో చెప్పింది గానీ, ఎదురు సీటులో రంగు పెన్సిళ్ళు పట్టుకున్న పిల్లను ఆ లెక్కలో వెయ్యలేదు. ఆ వయసు నించీ ఇది మోస్తోందా? పుట్టినరోజు కేకులు కోసినప్పుడూ, జ్వరమొచ్చి తన ఒళ్ళో పడుకున్నప్పుడూ, ఇది తెలిసే ఉందా?

"స్ట్రైక్ అంటే మా క్లాసులో అందరూ తిడతారు" అంది శ్రావ్య, తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తూ. "నేను తిట్టను. ఆ రోజు ట్రైన్ వచ్చి ఉంటే నేను లేను కదా."

సుభద్ర కుళాయి కట్టేసింది. తడి చేతులు చీరకు తుడుచుకుంది. అబద్ధం చెప్పి ఒళ్ళోకి లాక్కోవాలనిపించింది. కానీ ఇందాకటి అబద్ధానికే ఉన్న ఓపికంతా అయిపోయింది.

"ఆ స్ట్రైకు ఒక్కరోజే శ్రావ్యా" అంది. "మర్నాడు ఆస్పత్రివాళ్ళే ఫోన్ చేసి రమ్మన్నారు. మళ్ళీ స్టేషన్‌కి పోయాను."

పిల్ల చెయ్యి ఆగిపోయింది. "ట్రైన్ వచ్చిందా?"

"వచ్చింది. నా ముందే ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. చేతిలో టికెట్ ఉంది. నేను ఎక్కలేదు."

"ఎందుకు?"

"నిజంగా తెలీదమ్మా. నిన్ను కావాలనుకున్నానని చెప్తే అబద్ధం. అప్పటికి ఇంకా అనుకోలేదు. కాళ్ళు కదల్లేదు, అంతే. రైలు వెళ్ళిపోయాక ఆ బెంచీ మీదే కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఇంటికొచ్చి మీ నాన్నకి అన్నం వండాను. మేమిద్దరం మళ్ళీ ఆ మాట ఎత్తలేదు."

శ్రావ్య గుడ్డ పక్కన పెట్టింది. మొహం పక్కకు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. దగ్గరికి తీసుకుందామంటే విదిలించుకుంటుందేమోనని సుభద్రకు భయం. అలాగే నిలబడిపోయింది. కాసేపటికి పిల్లే వచ్చి ఆమె భుజం మీద నుదురు ఆనించింది.

"ఇది ట్రైన్‌లో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పేలోపే ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చేసింది. అందరం దిగిపోయాం."

హాల్లోంచి సంయుక్త గొంతు వినపడింది. బ్యాటరీ దీపం ఎక్కడ పెట్టాలని అడుగుతూ వంటగది వైపే వస్తోంది. శ్రావ్య గబగబా కళ్ళు తుడుచుకుంది.

"అమ్మా, ఇది ఆంటీకి చెప్పకు" అంది. "ఇది నాది."