ఎవరి పన్నెండు రోజులు

"వాంతులు తగ్గాయా పెద్దమ్మా?" అని అడిగింది కోడలు, తలుపు తీస్తూనే.

మొండక్క భుజం మీది సంచి ఇంకా దించలేదు. ఎదురుగా ఉన్నది తన స్నేహితురాలు జంట కోడలని ఫోటోల్లో చూసిన మొహాన్ని బట్టి పోల్చుకుంది. వాంతులేమిటో మాత్రం అంతుపట్టలేదు. పన్నెండు రోజుల ప్రయాణంలో ఒక్కనాడు కూడా ఆమెకు కడుపులో తిప్పలేదు. ఆ మాటే అనబోయేంతలో లోపలి నుంచి జంట పరుగున వచ్చి సంచి అందుకుంది. అక్క అలసిపోయింది, ముందు కాళ్ళు కడుక్కోనివ్వమని కోడలికి చెప్పి ఆమెను లోపలికి లాక్కుపోయింది. పోతూ పోతూ మణికట్టు గట్టిగా నొక్కింది. ఆ నొక్కుడు మొండక్కకు పాతదే. సూపర్‌వైజరు వస్తున్నాడు, నోరు మూసుకో అని దాని అర్థం.

ఇద్దరూ ఒక పెద్దాసుపత్రి బట్టల గదిలో ఇరవై రెండేళ్ళు పనిచేశారు. అక్కడ దుప్పటి ఒక్కరే మడవకూడదు. కొస నేలకు తగిలితే మళ్ళీ ఉతుక్కే పోవాలి. అందుకని ఇద్దరిద్దరిని జత వేసేవారు. చెరో రెండు కొసలు పట్టుకోవాలి, దులపాలి, ఎదురు నడిచి కొసలు కలపాలి, మళ్ళీ వెనక్కి పోవాలి. రోజుకు మూడు వందల దుప్పట్లు. అవతలి కొస పట్టుకున్న మనిషిని జంట అనేవారు. తక్కినవాళ్ళ జంటలు ఏడాదికోసారి మారాయి. వీళ్ళది మారలేదు. అందుకే ఈమెకు ఆ పేరే ఉండిపోయింది. మొండక్కకు ఆ పేరెందుకు వచ్చిందో ఎవరూ అడగక్కర్లేదు.

దుప్పట్లు మడుస్తూనే ఇద్దరూ లోకమంతా తిరిగారు. దగ్గరికి వచ్చినప్పుడు ఒకరు ఒక ఊరి పేరు చెప్పేవారు, మళ్ళీ వచ్చినప్పుడు రెండోవారు ఇంకో ఊరి పేరు. మొండక్క మనవడి పాత పుస్తకంలోంచి ఆసియా పటం చింపి తెచ్చి, బట్టల గది బీరువా తలుపు లోపల గంజితో అంటించింది. ఉద్యోగం అయ్యాక ఇద్దరూ కలిసి పోవాలి. అదీ మాట.

ఈలోగా జంట కొడుక్కి సముద్రం అవతల పని దొరికింది. తల్లినీ వెంట తీసుకుపోయాడు. సరే, మొదటి మజిలీ దగ్గర కలుసుకుందాం, అక్కడి నుంచి పన్నెండు రోజులు తిరిగి దీపావళికి మా ఇంటికి చేరదాం అంది జంట. తీరా రెండు వారాల ముందు ఫోను చేసి, మోకాలు పట్టేసింది, నువ్వెళ్ళు అక్కా, పండక్కి మాత్రం మా ఇంటికే రావాలి అంది. మొండక్క రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు సంచి సర్దుకుంది.

అరవై ఒకటో ఏట, భాష రాని మూడు దేశాలు ఒక్కతే దాటింది. ఏ టిక్కెట్ల కిటికీ దగ్గర నిలబడినా మీతో ఎవరున్నారని అడిగారు. ఒక లాడ్జిలో గుమాస్తా ఒంటరి ఆడమనిషికి గది ఇవ్వనని చేతులు ఊపాడు. ఆమె అతని కుర్చీకి ఎదురుగా నేల మీద చాప పరుచుకుని కూర్చుంది. గంటకు తాళం ఇచ్చాడు. పడవలో ఎనిమిది గంటలు సముద్రం ఎత్తి కుదేసింది. పడవంతా వాంతులే. ఊరూ పేరూ తెలియని మనుషుల మూతులు తుడిచింది, సంచులు పట్టింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికిన మనిషికి అదొక లెక్కా? ప్రతి సాయంత్రం అవన్నీ ఫోనులో రికార్డు చేసి జంటకు పంపేది. పాపం, రాలేకపోయింది, వినైనా సంతోషిస్తుందని.

కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి వంటింట్లో పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు పిండి కలుపుతున్నారు. ఒకావిడ జాలిగా చూసింది. పడవలో మీ పని అయిపోయిందనుకున్నామండీ, మీ స్నేహితురాలు లేకపోతే ఏమయ్యేవారో అంది. రెండో ఆవిడ లాడ్జి సంగతి ఎత్తింది. మీరు భయపడి ఏడుస్తుంటే ఆవిడే కదా నేల మీద చాప వేసుకుని గుమాస్తాను దారికి తెచ్చింది అని మెచ్చుకుంది. చివర్లో మొండక్కకు ఒంట్లో బాగాలేక ఒకరోజు ఆగిపోతే, పండగ పనులున్నాయని జంట ముందుగా వచ్చేసిందట. అత్తయ్య ధైర్యం మాకే తెలియదు అని కోడలు నవ్వింది.

మొండక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. జంటను వెతుక్కుంటూ బయటికి నడిచింది.

జంట వెనక వరండాలో తీగ మీది దుప్పట్లు తీస్తోంది. మొండక్క వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. జంట తల ఎత్తకుండా దుప్పటి కొసలు చాచింది. ఇరవై రెండేళ్ళ అలవాటు, మొండక్క చేతులు వాటంతటవే అందుకున్నాయి. అందుకున్నందుకు ఆ చేతుల మీద కూడా కోపం వచ్చింది.

"పన్నెండు రోజులూ ఎక్కడ తగలడ్డావే?"

"ఇక్కడే."

"ఇక్కడంటే?"

బస్సులో నాలుగు స్టాపుల అవతల, పనిచేసుకునే ఆడవాళ్ళు ఉండే హాస్టల్లో, మూడో అంతస్తులో ఒక గదిలో. ఇంట్లో వాళ్ళకు మోకాలి మాట చెప్పలేదు. మొదట అనుకున్నట్టే అక్కతో కలిసి వెళ్తున్నానని చెప్పి, పెట్టె పట్టుకుని బయలుదేరింది.

"ఏం చేశావక్కడ?"

"పడుకున్నాను."

"మోకాలు?"

"మోకాలికేం, బానే ఉంది."

మొండక్క దుప్పటిని ఎంత జోరుగా దులిపిందంటే జంట రెండడుగులు ముందుకు వచ్చిపడింది. నిద్రే కావాలంటే నాతో వచ్చి రైల్లో పడుకోవచ్చుగా, బస్సులో పడుకోవచ్చుగా అని పళ్ళు నూరింది.

"నువ్వు పడుకోనిస్తావా? చీకటితోనే లేపి అది చూడు ఇది చూడు అంటావు. నన్నెవరూ లేపని చోటు కావాలి అక్కా. నువ్వు కూడా లేపని చోటు."

"పోనీ, పడుకున్నావు. నేను చేసిందంతా నువ్వు చేశానని చెప్పుకోవడం దేనికి? పైగా నా చేత వాంతులు చేయిస్తావా? నన్ను ఏడ్చేదాన్ని చేస్తావా?"

జంట ఎదురు నడిచి కొసలు కలిపింది. "ఊరికే తిరిగొచ్చానంటే వీళ్ళు నమ్మరు. ఇంకొకరికి సేవ చేశానంటేనే నమ్ముతారు."

దుప్పటి మడత పడింది. జంట దాన్ని గుండెలకు హత్తుకుని, ఈ ఒక్క సాయంత్రానికి అవునని తలాడించు, రేపటి నుంచి ఎవరూ ఆ ఊసెత్తరు అని బతిమాలింది. మొండక్క సరేననలేదు, కాదనలేదు. లోపలికి పోయి కూర్చుంది.

సంజెవేళకు గుమ్మం నుంచి మెట్ల దాకా దీపాలు పెట్టారు. పూజ అయింది. పలహారాలు పంచారు. ఉన్న ఒక్క పెద్ద గదిలో ఇరవై మంది సర్దుకున్నారు. వాళ్ళలో బాయిలరు ఒకడు. బట్టల గదికి ఆవిరి పంపే బాయిలరు దగ్గర పనిచేసిన మనిషి, ఇప్పుడు ఈ ఊళ్ళోనే కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆ హోరులో ఏళ్ళ తరబడి ఉండి చెవులు సగం పోయాయి కాబట్టి ఏం మాట్లాడినా కేక వేసినట్టే ఉంటుంది.

కొడుకు తల్లి భుజం మీద చెయ్యి వేసి అందరికీ పడవ కథ మొదలుపెట్టాడు. తల్లి సంచి పట్టుకుంటే పెద్దమ్మ అందులో తల పెట్టి ఎనిమిది గంటలు ఎత్తలేదని చెప్పాడు. అందరూ నవ్వారు. బాయిలరు నవ్వలేదు.

"మొండక్కకు వాంతులా? శవాల గది దుప్పట్లు విప్పి, చేతులు కడుక్కుని, పక్క బల్ల మీదే క్యారేజీ తిన్న మనిషి. ఎవర్రా నీకు చెప్పింది?" అని, ఆమె వైపు తిరిగాడు. "నువ్వు చెప్పక్కా. నిజమేనా?"

ఇరవై మందీ చూశారు. జంట వంగి, బాగానే వెలుగుతున్న దీపం వత్తిని ఎగదోస్తోంది.

అవును. అంతే, మూడక్షరాలు. జంట ఇస్త్రీలో మాడ్చిన దుప్పట్లను మొండక్క తానే మాడ్చానని ఎన్నిసార్లు చెప్పుకోలేదు? ఎన్ని చీవాట్లు తినలేదు? అడిగితే తన వాటా సెలవులూ ఇచ్చింది. కానీ ఈ పన్నెండు రోజులు వేరు. అరవై ఒక్క ఏళ్ళలో అవతలి కొస ఎవరూ పట్టుకోకుండా ఆమె చేసిన పని అదొక్కటే. అదీ ఇచ్చేస్తే ఇక తనదని చెప్పుకోవడానికి ఆమెకు ఏదీ ఉండదు.

"నాకు వాంతులు కాలేదు" అంది. "నేను ఏడవలేదు. నాతో ఎవరూ రాలేదు. మూడు దేశాలూ నేనొక్కదాన్నే తిరిగాను. సంచులు పట్టింది నేను. చాప పరిచింది నేను."

మరి అత్తయ్య అంటూ కోడలు సగంలో ఆపేసింది. కొడుకు తల్లి భుజం మీద చెయ్యి తీశాడు. ఎక్కడికి వెళ్ళావమ్మా అని అడిగాడు. గొంతు మెల్లగానే ఉంది, మొహం మాత్రం ఎర్రబడింది.

"ఊళ్ళోనే, ఒక హాస్టల్ గదికి. పడుకోవడానికి" అంది జంట.

ఎవరో కిసుక్కుమన్నారు. కొడుక్కి అది ఇంకా మంట పుట్టించింది.

"పడుకోవడానికా? అందుకు అబద్ధాలాడి, ఊళ్ళో ఇంకో గది తీసుకున్నావా? ఇంట్లో మంచం లేదా?"

అంతవరకు మొండక్క కోపమంతా జంట మీదే. ఈ మాటతో అది దారి మళ్ళింది. తగ్గలేదు, రెండైంది.

"ఏదీ, మీ అమ్మ మంచం చూపించు" అంది.

అదుగో అన్నట్టు కొడుకు చెయ్యి చాపాడు. గోడ వారగా ఉన్న దివాన్ మీద ఆరుగురు కూర్చుని ఉన్నారు. పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని. దాని ఎదురుగా టీవీ, తలవైపు వంటింటి తలుపు, కాళ్ళవైపు వీధి తలుపు. ఇల్లంతా పడుకుంటే గానీ అక్కడ ఎవరూ పడుకోలేరు. ఒకరు లేస్తే చాలు, అక్కడున్నవాళ్ళు లేవాల్సిందే. ఆరుగురిలో ఒకామె లేచి నిలబడింది. తర్వాత ఇంకొకరు. చివరికి ఆరుగురూ లేచారు. దివాన్ ఖాళీ అయింది. దాని మీద పిల్లల బొమ్మలు, ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టల మూట. కొడుకు దాన్ని చూస్తూ ఉండిపోయాడు. చాచిన చెయ్యి దించడం మరిచిపోయాడు.

"నువ్వు పొద్దున లేచేసరికి అమ్మ లేచే ఉంటుంది. కాబట్టి పడుకుందనే అనుకుంటావు" అంది మొండక్క.

అంతటితో వదల్లేదు. జంట వైపు తిరిగింది. జంట కళ్ళు తుడుచుకుంటోంది. ఆ కళ్ళనీళ్ళు చూసి మొండక్క కరగలేదు. తనను పిరికిదాన్ని చేసిన మనిషి. అది ఎంత ఏడ్చినా పోదు.

"నా ప్రయాణం నోరారా చెప్పావుగా ఊరంతటికీ. ఇప్పుడు నీది చెప్పు."

"నాదేముంది అక్కా, పడుకున్నానని చెప్పానుగా."

"పన్నెండు రోజులు పడుకున్నదాన్ని నేనెక్కడా చూడలేదు. చెప్పు. వీళ్ళు వింటారు."

కోడలు వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. బాయిలరు చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. జంట ఖాళీ దివాన్ అంచు మీద కూర్చుంది. చీర కొంగు వేలికి చుట్టుకుంది.

మొదటి రోజు తలుపు గడియ వేసి పడుకున్నాను అంది. మెలకువ వచ్చేసరికి వెలుతురు ఉంది, అది పొద్దుటి వెలుతురో సాయంత్రపు వెలుతురో తెలియలేదు. ఎవరినైనా అడుగుదామంటే ఎవరూ లేరు. కాసేపు భయం వేసింది. తర్వాత, తెలిసి చెయ్యాల్సిందేముందిలే అనిపించింది. గోడ వైపు తిరిగి మళ్ళీ పడుకున్నాను. రెండో రోజు...

ఆమె గొంతు కిందికి దిగిపోతోంది. మొండక్క మొహం పక్కకు తిప్పుకునే కూర్చుంది. దవడలు ఇంకా బిగిసే ఉన్నాయి.

"గట్టిగా చెప్పు" అంది.