ముక్కు తవ్విన చెయ్యి

ఆవిడ తన టైలరింగ్ కొట్టులో కుట్టుమిషను పక్కనే పంజరం పెట్టుకుని పనిచేసుకునేది. పదకొండేళ్లుగా ఆ చిలక ఆమె భుజం మీదే పెరిగింది. బట్టల నూగు పడి దాని ముక్కు రంధ్రాల చుట్టూ అప్పుడప్పుడు పక్కు కట్టేది.

ఎదురు వరసలో బ్యూటీ పార్లర్ నడిపే ఆవిడ ఆడపడుచుకి ఆ పక్కు చూస్తే ఒళ్లు జలదరించేది. ఒకరోజు మరదలు కొలతలు తీసుకోవడానికి ఎవరింటికో వెళ్లినప్పుడు, చిలకని తువ్వాలులో చుట్టి, మొటిమలు గిల్లే సూదితో కుడి ముక్కు రంధ్రం తవ్వింది. లోపల గట్టిగా ఉండలాంటిది తగిలితే మురికనుకుని పెకిలించేసింది. మరదలు తిరిగొచ్చేసరికి తువ్వాలంతా నెత్తురు.

"అది మురికి కాదమ్మా, దుమ్ము లోపలికి పోకుండా పుట్టుకతో ఉండే అడ్డు" అన్నాడు పక్షుల డాక్టరు. "ముక్కులోకి ఏదీ పెట్టకూడదు. గోరువెచ్చటి సెలైన్‌లో దూది తడిపి, పిండి, పక్కును నానబెట్టి పైపైనే తుడవాలి. ఊడకపోతే నా దగ్గరికి తీసుకురండి."

పోయిన అడ్డు మళ్లీ రాదని కూడా చెప్పాడు.

చిలక బతికింది. కుడి రంధ్రం మాత్రం పెసరగింజంత అయింది. రోజంతా తుమ్మేది. చెయ్యి కనిపిస్తే చాలు, పెంచిన చెయ్యి అయినా సరే, మూలకి నక్కేది. అదే ఆవిడ కడుపు మండించింది.

ఆడపడుచు శుభ్రం చేద్దామనే కదా అని నవ్వేసింది. అక్కని పల్లెత్తు మాట అనలేని భర్త, పోనీలే అని సర్దబోయాడు. ఆవిడ మాట పెంచలేదు. చిలక మొహాన్ని దగ్గరగా ఫొటో తీయించి, తలుపంత చేయించి, పార్లర్‌కి కనబడేలా కొట్టు గోడకి తగిలించింది. కింద ఒకే వాక్యం: ఈ ముక్కు శుభ్రం చేసింది ఎదుటి పార్లర్ ఆవిడే.

రెండు వారాల్లో పార్లర్ కుర్చీలు ఖాళీ అయ్యాయి. మూడోవారం ఆడపడుచు తల దించుకుని వచ్చి, తప్పయిపోయింది, ఆ ఫొటో తీసెయ్యమంది.

"అది మీ చేతిమీద వాలిన రోజు తీసేస్తాను వదినా" అంది ఆవిడ, మిషను ఆపకుండానే.

ఆ రోజు నుంచి ఆడపడుచు రోజూ పొద్దున్నే వచ్చి, సెలైన్ వేడిచేసి, దూది తడిపి మరదలికి అందించి, పంజరం తలుపు దగ్గర చెయ్యి చాపుకుని నిలబడేది. చిలక వణికేది. ఆ చెయ్యి నొప్పెట్టి కిందికి వాలిపోయేదాకా మరదలు ఓరకంట చూసి తృప్తిపడేది.

నాలుగో నెలలో ఒక పొద్దున చిలక మెడ చాచి, ఆ వేళ్లలోంచి క్యారెట్ ముక్క లాక్కుంది. ఆడపడుచు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆశగా మరదలి వైపు చూసింది.

"అందుకుంది. వాలలేదు" అంది మరదలు.

ఆడపడుచు ఇంకో ముక్క తీసి, మళ్లీ చెయ్యి చాపింది. ఈసారి ఆ చెయ్యి కిందికి వాలిపోలేదు. అది చూసి మరదలికి ఎందుకో ఒళ్లు మండింది. పెడల్ గట్టిగా తొక్కింది.