నొక్కితే పలికే పాఠం

2008లో గోదావరిఖని దగ్గరి ఒక బొగ్గుబాయి ఆఫీసులో సంతోషి కంప్యూటర్ ఆపరేటర్. బాయిలో పాటించాల్సిన జాగ్రత్తలన్నీ కంప్యూటర్లో పుస్తకంలా చెయ్యమని మేనేజర్ జగదీశ్వర్ ఆమెకు అప్పగించాడు. బొమ్మ నొక్కితే మాట రావాలి, వీడియో నడవాలి.

సంతోషి నానా తంటాలు పడి చేసింది. బాయిలో పెట్టుకునే గట్టి టోపీ బొమ్మ నొక్కితే చాలు, "టోపీ ఏదిరా?" అని స్పీకర్లు అదిరేవి. ఆ గొంతు ముత్యానిది. బాయి లోపల కార్మికుల భద్రత చూసే సర్దారుగా చేసి చేసి, మోకాళ్లు అరిగిపోయి, బాయి పైన తేలిక డ్యూటీకి వచ్చిన మనిషి.

జగదీశ్వర్ మురిసిపోయాడు. "మస్తుగుంది. ఇగ ప్రింటు తీసి లాంపుల రూం గోడకు పెట్టు."

"సార్, కాగితం మీద సౌండ్ రాదు."

"ఎందుకు రాదు? సౌండు అందులనే పెట్టిన అని నువ్వే చెప్పినవ్ గద!"

"ఫైల్ల పెట్టిన సార్, కాగితంల కాదు."

"అయితే కలర్ ప్రింటు తియ్యి."

కలర్ ప్రింటే తీసింది. ఆయన టోపీ బొమ్మను బొటనవేలితో నొక్కాడు. పలకలేదు. రెండుసార్లు టకటకా నొక్కాడు. అయినా పలకలేదు. మాట్లాడే పుస్తకం తయారైందని పై ఆఫీసుకు అప్పటికే ఫోన్ చేసి చెప్పేశాడాయన. అక్కడి పెద్దసారు చూడ్డానికి వస్తున్నాడు. కాగితాలన్నీ పుస్తకంలా కుట్టించి లాంపుల రూం గోడకు తగిలించి, ముత్యాన్ని పిలిపించి, వాటి పక్కన స్టూలేయించాడు.

"నేనేంది బిడ్డా, టేపురికార్డునా?" అన్నాడు ముత్యం చిన్నబోయి.

సంతోషి తల ఎత్తలేకపోయింది. "నాలుగొద్దులు ఓర్సుకో కాకా. నా మొకం జూసి."

బాయిలోకి దిగేముందు లాంపులు తీసుకోవడానికి వచ్చిన మొదటి షిఫ్టువాళ్లు నొక్కారు. ముత్యం పలికాడు. వాళ్లు నవ్వి, మళ్లీ నొక్కారు. రెండో రోజుకల్లా ఆయనకు ఆ పని మీద పట్టింపు వచ్చేసింది. వేలు బొమ్మ గీత దాటితే మూతి బిగించేవాడు. "బొమ్మ బయట నొక్కినవ్. సక్కగ నొక్కు" అని మాత్రం చెప్పేవాడు. వీడియో ఉన్న పేజీ నొక్కితే, మోకాళ్లు పట్టుకుని లేచి, బాయి పైకప్పు వదులైందేమో కర్రతో తట్టి చూడడం చేసి చూపించి కూర్చునేవాడు. మధ్యలో ఎవరైనా పేజీ తిప్పేస్తే, కర్ర ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయేవాడు. ఆయన చాయ్‌కి పోతే సంతోషి స్టూలు మీద ఒక అట్ట పెట్టేది: 'లోడ్ అవుతోంది'.

పెద్దసారు రానే వచ్చాడు. కళ్లజోడు సవరించుకుని టోపీ బొమ్మ నొక్కాడు.

"టోపీ ఏదిరా?"

పెద్దసారు ఎగిరిపడ్డాడు. ఆయన నెత్తి మీద టోపీ లేదు. జగదీశ్వర్ గబగబా తన టోపీ తీసి ఆయనకు పెట్టాడు. ఆయన దాన్ని సర్దుకుని, మళ్లీ నొక్కాడు.

"టోపీ ఏదిరా?"

"ఇదిగో, పెట్టుకున్నాను" అన్నాడాయన భయభక్తులతో. తర్వాత సంతోషి వైపు తిరిగాడు. "క్లారిటీ బాగుందమ్మా. ఇలాంటివి ఇంకో అయిదు కాపీలు కావాలి. అన్ని బాయిలకూ పంపిద్దాం."

అందరూ ముత్యం వైపు చూశారు.

"కాపీలు నాకిడిసిపెట్టుర్రి సారు" అన్నాడు ముత్యం. "కాలనీల మోకాళ్లు పోయినోళ్లు శానమంది ఉన్నరు."

మర్నాడు ఆఫీసు వరండాలో వాళ్లంతా వరస కట్టారు. సంతోషి కాగితం పట్టుకుని ఒక్కొక్కరి ముందు నిలబడి టోపీ బొమ్మ నొక్కింది. బిక్షం గొంతు బాగుంది గానీ, నొక్కకుండానే పలుకుతున్నాడు. సదయ్యను ఎంత గట్టిగా నొక్కినా "టోపీ ఏదండీ?" అనే వస్తోంది. ముత్యం పక్కన నిలబడి, పనికిరానివాళ్లను నిర్దాక్షిణ్యంగా పక్కకు తప్పించాడు.

సాయంత్రం సంతోషి చెవుల్లో హోరుతో ఇల్లు చేరింది.

"గింత ఆలస్యమేందే?" అంది తల్లి మల్లక్క.

"పుస్తకం అచ్చేస్తున్నమవ్వా" అని గట్టిగా అరిచి చెప్పింది సంతోషి.