మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది

ఆ ఆదివారం భర్తగారు చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఇల్లు అమ్మిపెట్టే ఏజెంట్లను ముగ్గురినీ ఒకే సమయానికి రమ్మనడం. ఒకరినొకరు చూసుకుని కంగారుపడి, పోటీ మీద కమిషన్ తగ్గించేస్తారని ఆయన ఎత్తు. ఎత్తు వేసిన మనిషి హాల్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పొద్దున లేచింది మొదలు హాలు తుడిచి, సోఫా కవర్లు మార్చి, స్నానాలగదిలో పాచి గీకి, ఇప్పుడు టీ గిన్నె ముందు నిలబడింది మాత్రం ఆమె. ఎంతమందికి పెట్టాలని అడిగితే, "ఎక్కువే పెట్టు, పోయేదేముంది" అన్నాడు. నిజమే, అతనికి పోయేదేమీ లేదు.

ముగ్గురూ వచ్చారు. గుమ్మంలో ఎదురుపడగానే "అరె, మీరూ ఇక్కడికేనా!" అని పలకరించుకున్నారు. రోజూ అవే వీధుల్లో తిరిగే మనుషులాయె, ఒకరి గుట్టు ఒకరికి తెలుసు. పోటీ సంగతి దేవుడెరుగు, తళతళలాడే బూట్ల ఏజెంటూ, మాటకో నవ్వు నవ్వే ఏజెంటూ ఒకే సోఫాలో సర్దుకుని ఒకే కమిషన్ చెప్పారు. మూడో ఏజెంటు ఒకావిడ. జుట్టు నెరిసింది, భుజాన సంచీ, మొహంలో నవ్వన్న మాట లేదు. ఆవిడ వాళ్ళిద్దరికంటే ఎక్కువే చెప్పి కుర్చీలో కూర్చుంది. అప్పుడు భర్తగారి మొహం చూడాలి! వంటింట్లో నవ్వాపుకోలేక ఆమె టీ పొంగబెట్టేసింది. గట్టు తుడుచుకోవాల్సింది కూడా ఆమేననుకోండి.

ఇల్లు ఎందుకు అమ్ముతున్నారంటే, మరిది కొత్తగా మేడ కట్టాడు. పై అంతస్తు అన్నగారికిస్తాడట, ఇంటి డబ్బు తన వ్యాపారంలో పెడితే చాలట. "ఇక వంటంతా ఒకే పొయ్యి మీద అయిపోతుంది, ఎంత కలిసొస్తుందో!" అని అత్తగారు ఫోనులో మురిసిపోయారు. "వదిన చేతి వంట తిని ఎన్నాళ్ళయిందో" అని వెనక నుంచి మరిది. తోడికోడలు కూడా తన నడుముకి కాస్త విశ్రాంతి దొరుకుతుందని ఆశపడిందేమో, పాపం. ఇక భర్తగారైతే ఒక్క ముక్కలో తేల్చేశాడు. "అక్కణ్ణించి నీ ఆఫీసు దూరం. ఉద్యోగం మానేస్తే పోలా?" ఆ ఉద్యోగం చూసే ఈ ఇంటికి అప్పు పుట్టింది. ఎప్పుడు తెరుస్తాడో ఎప్పుడు మూస్తాడో తెలియని అతని కొట్టు చూసి బ్యాంకువాళ్ళు మొహం తిప్పుకుంటే, అప్పు ఆమె పేరున తీసి, ఇల్లు కూడా ఆమె పేరునే రాయించారు. వాయిదాలన్నీ ఆమె జీతంలోంచే తెగాయి. ఇల్లు మాత్రం అందరి నోటా "వాడి ఇల్లు" అయింది.

"ఈ గోడలు చూడండి, దగ్గరుండి కట్టించాను" అంటూ అతను ఏజెంట్లకు ఇల్లు చూపించసాగాడు. టీ కప్పులు పట్టుకుని వెనకే నడుస్తున్న ఆమెకు ఒళ్ళు మండింది. గోడలు లేస్తున్న రోజుల్లో, ఇప్పుడు హాస్టల్లో చదువుకుంటున్న కూతురు అప్పుడు కడుపులో ఉండగా, ఆఫీసుకు వెళ్ళే ముందు రోజూ వచ్చి గోడలకు నీళ్ళు పట్టింది ఆమె. తడిసిన బట్టలతోనే బస్సెక్కేది. ఒకసారి చుట్టాల ముందు ఆ మాట అంటే, "నీళ్ళు కొట్టడం కూడా కట్టించడమేనా?" అని అతను పగలబడి నవ్వాడు. చుట్టాలూ నవ్వారు. అందరితో పాటు తానూ నవ్వింది చూడండి, అదే ఆమెకు ఇప్పటికీ మింగుడుపడదు.

వంటింటి దగ్గర బూట్లాయన ఆగాడు. "ఇంటికి ధర తెచ్చేది వంటిల్లే సార్. గట్టు మీద ఒక్క గిన్నె కనిపించకూడదు. గోడల మీద ఫొటోలు తీసేయాలి. అసలిక్కడ ఎవరూ కాపురం చేయనట్టు ఉండాలి మేడమ్." అంతసేపూ సార్ సార్ అన్నవాడు, పని మాట వచ్చేసరికి మేడమ్ దగ్గరికి వచ్చాడు.

"కొనే పార్టీలు చెప్పాపెట్టకుండా వస్తుంటారు సార్" అన్నాడు నవ్వులాయన, "ఎప్పుడైనా తీసుకురావచ్చా?"

"నిక్షేపంగా తీసుకురండి. మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది. అవసరమైతే సెలవు పెట్టేస్తుంది." అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "తనకి ఈ ఇల్లంటే ప్రాణం. అమ్ముతున్నామంటే ఒకటే బెంగ" అని కూడా అన్నాడు.

బెంగా? ఆమె తన మనసంతా వెతుక్కుంది. ఎక్కడా దొరకలేదు. ఈ ఇల్లు తుడిచి తుడిచి ఆమెకు మోకాళ్ళు అరిగాయి. ఏ గదిలోనూ ఆమె తలుపేసుకుని కూర్చోలేదు, ఏ కిటికీ దగ్గరా తీరిగ్గా నిలబడలేదు. అతిథులు మెచ్చుకున్నప్పుడు ఇల్లు అతనిది, దుమ్ము కనబడినప్పుడు ఆమెది. నిజం చెప్పాలంటే అమ్మకం మాట విన్న రోజు ఆమె గుండె తేలికపడింది. భయమల్లా దీన్ని వదిలించుకుని ఇంతకంటే పెద్దదాన్ని నెత్తికెత్తుకోవడం గురించే. పైగా అక్కడ చేతిలో జీతం కూడా ఉండదు. అంత పిచ్చిదానిలా కనిపిస్తున్నానా వీళ్ళకి, అనుకుంది. అనుకున్నాక కోపం వచ్చింది. ఆ కోపం ఆమెకు చాలా బాగుంది.

హాల్లోకి వచ్చాక బూట్లాయన ఒప్పందం కాగితం తీసి అతనికిచ్చాడు. అతను కలంతో సహా ఆమె ముందుకు తోశాడు. "ఇదిగో, ఇక్కడ పెట్టెయ్."

ఆమె కుర్చీ లాక్కుని ఏజెంట్లకు ఎదురుగా కూర్చుంది. "మీ ముగ్గుర్నీ ఒక్క మాట అడగాలి. ఇల్లు చూపించేటప్పుడు నేనేం చెయ్యాలి?"

బూట్లాయన హుషారుగా అందుకున్నాడు. "ఏముంది మేడమ్, ఇల్లు అద్దంలా ఉంచండి, తలుపు తీయండి, అంతే."

"వచ్చినవాళ్ళకి ఓ కప్పు టీ ఇస్తే మనసు మెత్తబడుతుంది మేడమ్. మీ చేతి టీకి ఈ ఇల్లు ఇట్టే అమ్ముడుపోతుంది" అని నవ్వులాయన నవ్వాడు.

ఏజెంటావిడ టీ ముట్టనే లేదు. "మీరు అసలుండకూడదు" అంది. "మీరుంటే వాళ్ళు అల్మారా తలుపు తీయడానికి మొహమాటపడతారు. తాళం నాకిచ్చి మీ ఆఫీసుకి మీరు వెళ్ళండి. తుడిపించుకునేదీ నేనే, చూపించుకునేదీ నేనే. నా పని నేను చేసుకుంటాను. ఎక్కువ అడిగింది అందుకే."

నా పని నేను చేసుకుంటాను. ఆ ఇంట్లో ఆ మాట ఎవరి నోటా వినలేదు ఆమె. బూట్లాయన కాగితం అతనికి తిరిగిచ్చేసి, "మీ కాగితం ఇవ్వండి" అని ఆవిడను అడిగింది.

"ఏయ్, ఆవిడ రేటు విన్నావా? నాతో ఒక్క మాటైనా అనకుండా..." అతను లేచి నిలబడ్డాడు.

"మీరు నన్ను అడిగారా? కూర్చోండి, సంతకం నాది." ఒప్పందం మొత్తం చదివింది. అందరూ ఎదురుచూస్తుండగా తీరిగ్గా చదివి, సంతకం పెట్టింది. మిగిలిన ఇద్దరూ చల్లగా జారుకున్నారు.

"ఇంకో పని కూడా ఉందండీ" అంది ఆవిడతో. "మా ఆఫీసుకి దగ్గర్లో నాకో ఇల్లు చూసిపెట్టాలి. రెండు గదులు చాలు. అమ్మాయి సెలవులకొస్తుంటుంది."

"ఇల్లేమిటి? మరి తమ్ముడికేం చెప్పను? అమ్మకేం చెప్పను?"

"మీ ఇష్టం వచ్చింది చెప్పండి. ఈ ఇంటి డబ్బు మాత్రం ఎవరి వ్యాపారంలోకీ పోదు. నేను ఉద్యోగం మానను. రెండిళ్ళ వంట చెయ్యను."

ఏజెంటావిడ ఇవేవీ పట్టించుకోలేదు. సంచీలో కాగితాలు సర్దుకుంటూ మామూలుగా అడిగింది. "సార్ కూడా ఉంటారా అందులో?"

ఆమె భర్త వైపు చూసింది. చాలాసేపే చూసింది.

"ఇంకా తెలీదండీ. ఆయన చూడ్డానికొస్తే, మిగతా పార్టీలకి చూపించినట్టే చూపించండి."