ఎనక అట్ట మీద పువ్వు

నరసరావుపేటలో మా ఇల్లూ బైండింగ్ కొట్టూ ఒకటే. ముందు గది కొట్టు, ఎనక గది ఇల్లు. మా ఆయన ఖాజా మొహిద్దీన్‌కి మొన్న ఎండాకాలంలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడింది. నోరు కూడా పడిపోయిందని బజారంతా అనుకుంటున్నారు. అదేం లేదు. ఆస్పత్రిలో రెండు మాటలన్నాడు, నత్తిగా వచ్చినయ్. పక్క మంచం వాళ్ల పిల్ల కిసుక్కున నవ్వింది. అంతే, ఆ రోజు నుంచి నోరు కుట్టేసుకున్నాడు.

పక్కింటి మేరీ నర్సు. సాయంత్రం పూట వచ్చి ఆయన చెయ్యి ఆడించి పోద్ది. "ఎట్టాగైనా మాట్లాడించక్కా. వాడకపోతే ఉన్న మాట కూడా పోద్ది" అని చెప్పింది. పెళ్లైన కాడి నుంచీ ఈ మనిషితో పోట్లాడి బతికినదాన్ని. ఇప్పుడు నేనొక్కదాన్నే అరుస్తుంటే ఇల్లు ఇల్లులాగా లేదు. బతిమాలినా తిట్టినా ఉలకడు, పలకడు.

ఈయన సంగతే అంత. తప్పొచ్చిన పనిని దిద్దడు, అటకెక్కిస్తాడు. మా అమ్మ ఖురాను సంగతే చెప్తా. అమ్మ పోయాక నా వాటాకొచ్చింది అదొక్కటే. కుట్లు ఊడి కాయితాలు రాలతంటే, మేకతోలు తెచ్చి కట్టిపెడతానే అన్నాడు. కుట్టు నేను కుట్టా, తోలట్ట ఆయన చేశాడు. ఇత్తడి అచ్చు కాల్చి అట్ట మీద పువ్వు అద్దాడు. తీరా పుస్తకం పెట్టి చూస్తే పువ్వు ఎనక అట్ట మీదుంది. ఖురాను కుడి పక్క నుంచి తెరుస్తాం, దానికి ముందు అట్ట అటుంటది. బళ్లో రిజిస్టర్లూ కోర్టు పుస్తకాలూ కట్టీ కట్టీ అలవాటైన చెయ్యి, తెలుగు పుస్తకానికి ఏది ముందో దాని మీదే కొట్టేసింది. సాయిబునై ఉండి ఇట్టా చేశానేందని కుమిలిపోయాడు. కాలిన తోలు మళ్లీ మామూలు కాదుగా. అన్నీ గుడ్డలో చుట్టి అటక మీద పడేశాడు. ఆ తర్వాతే ఈ జబ్బు.

మొన్న శుక్రవారం పొద్దున నేను ఆ మూట దించా. ఈయన నోరు తెరిపించాలంటే ఈయన కళ్లముందే పని చెడగొట్టటం కంటే మంచి మందు లేదనిపించింది. ఖురాను ముట్టుకునే ముందు చేతులూ మొహమూ కాళ్లూ కడుక్కుని వజూ చేసుకుని, మంచం పక్కనే చాప పరిచి కూకున్నా. జిగురుకి మైదా ఉడకేశా. అందులో మైలుతుత్తం పడాలి, లేకపోతే పుస్తకం పురుగుల పాలే. పొట్లం ఆయనకి కనపడేట్టే పెట్టి, వెయ్యకుండా ఊరుకున్నా. ఇంకోరోజైతే ఇల్లు పీకి పందిరేసేవాడు. చూశాడు. చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నా తెలివి తెల్లారినట్టే ఉందనుకున్నా. ఇంక నాటకం మానేసి, పుస్తకాన్ని చెక్కల మధ్య బిగించి, చీకిపోయిన అంచులు నిజంగానే కోయటం మొదలుపెట్టా. ఈ మనిషి గొంతు ఇంక వినను కాబోలు అని ఏడుపొచ్చింది. కళ్లు మసకలు కమ్మినయ్. కాయితం ముక్కలు చాప దాటి నేలంతా పడ్డయ్. ఆ ఏడుపులో చేతి అలవాటు కొద్దీ చీపురు తీసుకున్నా.

"చీ... చీపురు తగలనీబాక!"

చీపురు జారి కిందపడింది. ఖురాను ముక్క, అక్షరం ఉన్నా లేకపోయినా, చీపురు తాకనివ్వం. ఏరి సంచిలో వేసి, విజయపురి సౌత్ పోయినప్పుడు కృష్ణలో కలుపుతాం. ఈ ఇంట్లో ఇన్నేళ్లుగా ఉండి నేనది మర్చిపోయా.

ఆయన మంచం దిగి, గోడ పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. ఎడంచేత్తో ఒక్కో ముక్కా ఏరుతున్నాడు. నేనూ ఏరా. ఇద్దరం నేలంతా ఏరి సంచి ముడేశాం. కళ్లు తుడుచుకుని అట్ట తీసి ఆయన ముందు పెట్టా.

"ఈ పువ్వునేం చేద్దాం? రెండో పక్క కూడా ఒకటి అద్దేదా?"

చానాసేపు పెదాలు కూడదీసుకున్నాడు. "ఉ... ఉండనీ. ఎనకే ఉండనీ. మొత్తం చదివినోళ్లకి కనపడుద్ది."

నాకు ఏడుపాగలా. ఆయన జిగురు గిన్నె దగ్గరికి లాక్కుని వాసన చూశాడు.

"తు... తుత్తం వెయ్యలా. పొద్దునే చూశా."

"చూసి మరి ఊరుకున్నావేందయ్యా?"

"నత్తి" అన్నాడు, తల వంచుకుని.

"ఉంటే ఉండనీ. పువ్వు ఎనకుందని మా అమ్మ ఖురాను చదవటం మానేస్తానా?"

పొట్లం విప్పి ఆయన ఎడంచేతిలో పెట్టా. తుత్తం ఎంత వెయ్యాలో, ఎట్టా కలపాలో, నేనెంత చేతకానిదాన్నో, ఆగి ఆగి నత్తిగా చెప్తా కూకున్నాడు. నేను ఒక్క మాటకి కూడా అడ్డం రాలా.