కదలని గ్యాలరీ

శరత్కాలపు అపరాహ్ణమున నల్లమల సానువులపై నీలిమేఘశకలములు మందగమనమున సంచరించుచుండ వాని ఛాయలు నంద్యాల పొలిమేరయందలి నల్లరేగడి నేలపై జారుచు నూతననిర్మితమైన మోటారు పందెముల ప్రాంగణమును ఒకపరి మూయుచు ఒకపరి విడుచుచుండెను. వానలు వెలిసి చాలదినములైనను ఆ నేల లోలోపల తడియారక పైన మాత్రము నెఱియలు విచ్చియుండెను. క్రింద ఆకు కదలదు. జనులు తిరునాళ్లకు వలె వచ్చి గ్యాలరీ నిండ గూర్చుండిరి. అట్టి సంబరపు వేళ ఎత్తైన కావలిమంచెపై నిలిచిన మద్దిలేటి మాత్రము కెమెరానుండి కన్ను త్రిప్పలేకుండెను.

మద్దిలేటి టైమ్‌ల్యాప్స్ చిత్రములు తీయువాడు. పునాదులు త్రవ్విన నాటినుండి ఆ మంచెపై కెమెరాను బిగించి నిమిషమునకొక పటము చొప్పున బట్టి మాసముల కాలమును కన్నుమూసి తెఱచునంతలో జూపు విద్య అతనిది. ఆ విద్యయందు వేగమునకు విలువ లేదు. ప్రాణములొడ్డి పరువెత్తు కారు ఒక్క పటమున మెఱసి మాయమగును. కంటికి గానరాని మెల్లని చలనమే అందు నిలిచి రాజ్యమేలును.

వానకాలమున పటములు ఒకదానితో నొకటి పొసగకుండగా గాలికి కెమెరా జారుచున్నదని తలచి అతడు ప్రతిపటమును గ్యాలరీ కప్పు అంచునకు సరిపెట్టి దిద్దెను. అంతటి కట్టడము కదలునని ఎవడు తలచును? చిత్రము నున్నగా గుదిరెను. అందు గ్యాలరీ చెక్కుచెదరక నిలువ వెనుకనున్న కొండ రవంత పైకి లేచుచున్నట్లు దోచెను. "ఏమయ్యో, నీ సినిమాలో కొండలు గూడా పెరుగుతాయా?" అని అతని భార్య నాగవేణి నాడు పకపక నవ్వెను. ఆ నాగవేణియే నేడు అతడు తెచ్చియిచ్చిన పాసుతో అదే గ్యాలరీ నడిమి వరుసలో గూర్చుండి మంచెవైపు చేయి ఊపుచుండెను.

కెమెరాలో జూడగా గ్యాలరీ కప్పు నిన్నటికంటె దిగువన గనబడెను. నేడు గాలియే లేదు. అతడు దిద్దని తొలిపటములను తెఱచి నేటిపటముతో బోల్చెను. కొండయు గేటును జెండాకొయ్యయు ఎక్కడివక్కడనే యుండెను. గ్యాలరీ యొక్కటియే ఎడమప్రక్కకు ఒరగి క్రుంగుచుండెను.

అతడు మంచె మెట్లు దిగి పరుగున బోయి ప్రాంగణపు మేనేజరగు విరూపాక్షరెడ్డికి జెప్పెను. రెడ్డి దుర్మార్గుడు గాడు. ఆ గ్యాలరీని కన్నబిడ్డవలె జూచుకొనినవాడు.

"ఏందప్పా నువ్వు చెప్పేది? గోడ పగిలిందని తనిఖీకొచ్చిన ఇంజనీరుకు నీ సినిమానే చూపిస్తిమి గదా. వానలంతా ఇంత కూడా కదల్లేదని ఆయన ఒప్పుకొని పాయె."

"సార్, సినిమాలో అది కదలకుండా దిద్దింది నేనే సార్! జనాన్ని దింపండి."

"రేసు మధ్యలో దింపితే తొక్కుకొని చస్తారు. పోయి నీ పని చూసుకో."

తన చిత్రమే తనకు విరోధసాక్షియై నిలుచుట గాంచి మద్దిలేటి పందెపుబాటవైపు పరువెత్తెను. అచట కార్లకు సైగలుచేయు జెండాలవాని చేతినుండి ఎఱ్ఱజెండాను లాగికొని బాటయంచున నిలిచి ఊపెను. ఎఱ్ఱజెండా లేచిన పందెము నిలుపవలయును, కార్లు నిలిచెను. ఆట చెడెనన్న కోపమున జనులు తిట్టుచు గ్యాలరీ దిగి అతనిని జుట్టుముట్టిరి. ఎవడో చెంప పగులగొట్టెను. చొక్కా చినిగెను. గుంపును ద్రోసికొని తనకై వచ్చుచున్న నాగవేణిని గాంచి అతడు దెబ్బలు మఱచి ఏడ్చెను.

విరూపాక్షరెడ్డికి తల కొట్టివేసినట్లాయెను. అతడు శూన్యమైన గ్యాలరీ మెట్లెక్కి నడిమివరుసలో గూర్చుండెను. "చూడండప్పా, నేను కూర్చోలేదా? ఏమయింది? రాండి, పైకి రాండి!" అని చేయెత్తి పిలిచెను. కొందఱు నవ్వుచు మెట్లవైపు కదలిరి. మద్దిలేటి చేతులు చాచి వారికడ్డము నిలిచి "దిగండి సార్!" అని గొంతు చించుకొనెను.

స్థిరమని నమ్మినదానికి సరిపెట్టి లోకమును దిద్దుకొనువానికి లోకమే కదలుచున్నట్లు దోచును. మద్దిలేటి ఆ నాటి పటములలో దేనిని దిద్దలేదు. ఒక పటమున విశాలమైన గ్యాలరీ నడుమ ఒక్క మనుజుడు చేయెత్తి పిలుచుచుండును. తరువాతి పటమున ధూళి. ఆ ధూళి వెనుక కొండ ఎక్కడిదక్కడనే యుండును.